తప్పితే ఏమవుద్ది?

మా నాన్న తెనాలి పక్కన ఒక సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు పంట రుణాలు రాసి రిటైరయ్యాడు. అప్పుకి ఎవరొచ్చినా ఎన్నెకరాలు, ఏం పంట అని పైకి అడిగేవాడు గానీ లోపల తిరిగే ప్రశ్న మాత్రం ఒకటే: ఇది పోతే ఏమవుద్ది? ఉద్యోగం వదిలి పదేళ్లయినా ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 2025లో అమ్మా ఆయనా ఆరు నెలలు ఉండిపోదామని డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చినప్పుడు, సోఫాలో కూర్చుని అమెరికన్ ఫుట్‌బాల్ చూస్తూ కూడా అదే అడిగాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం. డల్లాస్ కౌబాయ్స్‌కీ న్యూయార్క్ జెయింట్స్‌కీ మ్యాచ్. భోజనాలయ్యాయి, గోంగూర గిన్నె ఇంకా టేబుల్ మీదే ఉంది. 25 సెకన్లుందనగా జెయింట్స్ 37-34తో ముందుకెళ్లారు. మా పదకొండేళ్ల వాడు దిండులో మొహం దాచుకున్నాడు. డల్లాస్ వాళ్లు కిందామీదా పడి మైదానం మధ్య దాటారు. గడియారం ఖాళీ. చివరి అవకాశానికి బ్రాండన్ ఆబ్రీ అనే కిక్కర్ నడుచుకుంటూ వచ్చాడు. గోల్ పోస్ట్ 64 గజాల దూరంలో ఉంది.

"ఇంత దూరాన్నించి తంతాడా?" అన్నాడు నాన్న.

"తంతాడు తాతయ్యా, చూడు," దిండులోంచి మావాడు.

"తప్పితే ఏమవుద్ది?"

"ఓడిపోతారు," అన్నాను.

"అసలు తన్నకపోతే?"

"అప్పుడూ ఓడిపోతారు నాన్నా."

"మరింకేం, పోయేదేముంది, తన్నమను," అని వెనక్కి వాలాడు.

బంతి వెళ్లింది. రెండు కర్రల మధ్య నుంచి, కింది కడ్డీ మీద నుంచి. ఎక్స్‌ట్రా టైంలో ఆబ్రీయే ఇంకోటి కొట్టి 40-37తో గెలిపించాడు. మావాడు సోఫా ఎక్కి గెంతుతుంటే నాన్న అన్నాడు గదా, "తన్ను బాగుందిరా. కానీ దాన్లో ధైర్యమేముంది? గత్యంతరం లేక తన్నాడు."

నాకు చిరాకేసింది. పదిహేనేళ్లుగా చూస్తున్న ఆట, వారం రోజుల పరిచయంతో ఈయన తేల్చేస్తాడేంటని. ఆ రాత్రి ఆయన్ని ఓడించడానికి లాంగ్ ఫీల్డ్ గోల్స్ రికార్డులన్నీ తీసి కూర్చున్నాను. ఓడిపోయింది నేనే. ఈ వ్యాసం ఆ ఓటమి లెక్క.

ఈ ఆట చూడనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు. మూడూ అయిపోయి పని తెమలకపోతే నాలుగోదాంట్లో మూడు దార్లు. బంతిని ఎంత వీలైతే అంత దూరం ప్రత్యర్థి వైపు తన్నేసి వదిలించుకోవచ్చు, దాన్ని పంట్ అంటారు. తెగించి ఇంకోసారి పరిగెత్తొచ్చు. లేదా గోల్ పోస్ట్ మధ్యలోంచి తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవచ్చు, అదే ఫీల్డ్ గోల్. కర్రల మధ్య వెడల్పు 18 అడుగుల 6 అంగుళాలు. మా వీధిలో రెండు కార్ల గ్యారేజీ తలుపు 16 అడుగులుంటుంది, దానికి కాస్త పెద్ద. అడ్డకడ్డీ నేలకి 10 అడుగుల ఎత్తులో ఉంటుంది. పోస్ట్ గోల్ గీతకి పది గజాలు వెనక ఉంటుంది. తన్నేవాడు ఆట మొదలయ్యే గీతకి ఏడెనిమిది గజాలు వెనక నిలబడతాడు. అందుకని బంతి ఉన్న గీతకి పదిహేడో పద్దెనిమిదో కలుపుకుంటే టీవీ వాళ్లు చెప్పే దూరం వస్తుంది. వాళ్ల యార్డూ మన గజమూ ఒకటే. ఇళ్లస్థలాల బేరాలు చేసిన వాళ్లకి ఈ ఆట దూరాలు అర్థమైనంత బాగా కిలోమీటర్ల లెక్క వాళ్లకి కూడా అర్థం కావు. క్రికెట్ వాళ్లకైతే ఇంకో కొలత: అంతర్జాతీయ మ్యాచ్‌లో బౌండరీ పిచ్ మధ్య నుంచి కనీసం 65 గజాలుండాలి. అంటే ఈ కిక్కర్లు తన్నేది కోలబంతిని బౌండరీ అవతలికి, అదీ గ్యారేజీ తలుపంత సందులోకి.

ఒక మనిషి తలకిందులుగా వంగి కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి విసురుతాడు. మోకాలి మీద కూర్చున్న హోల్డర్ దాన్ని పట్టుకుని, కుట్లు గోల్ వైపుకి తిప్పి, ఒక వేలితో నేలకి ఆన్చి నిలబెడతాడు. కిక్కర్ అడుగులేసి తంతాడు. విసరడం నుంచి తన్నడం దాకా మొత్తం సెకనూ మూడో వంతు. ఈలోపు ఎదురుగా నూటయాభై కిలోల మనుషులు చేతులు పైకెత్తి దూకుతుంటారు.

సరే, రికార్డులు. 1953 సెప్టెంబర్ 27న బాల్టిమోర్ కోల్ట్స్ తరఫున బర్ట్ రెచిచార్ షికాగో బేర్స్ మీద 56 గజాలు కొట్టాడు. అతను అసలు డిఫెన్స్ ఆటగాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ఈ ఆట పెద్ద లీగులో, అంతకుముందు ఫీల్డ్ గోల్ ప్రయత్నించిందే లేదు. సగం ఆట ముగిసే క్షణంలో పిలిచి తన్నమన్నారు. ఆ రికార్డు 17 ఏళ్లు నిలిచింది. 1970లో న్యూ ఆర్లీన్స్‌లో టామ్ డెంప్సీ 63 కొట్టాడు, ఆట చివరి బంతికి. 1998లో డెన్వర్‌లో జేసన్ ఈలమ్ 63, మొదటి సగం చివర్లో. 2011లో సెబాస్టియన్ జానికౌస్కీ 63, మొదటి సగం చివర్లో. 2012లో డేవిడ్ ఏకర్స్ 63, కడ్డీకి తగిలి అవతల పడింది, అదీ మొదటి సగం చివర్లోనే. 2013లో డెన్వర్‌లోనే మాట్ ప్రేటర్ 64, మొదటి సగం చివర్లో. 2018లో గ్రాహమ్ గానో 63, మ్యాచ్ ఇంకో సెకనుందనగా. 2021లో జస్టిన్ టక్కర్ 66, చివరి బంతికి.

చూశారా. రాత్రి పదకొండింటికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కోదాని పక్కనా గడియారం రాసుకుంటూ పోతే నాకు నవ్వొచ్చింది. ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పితే నష్టపోయే సమయంలో కొట్టింది లేదు. సగం ఆట ముగిసేటప్పుడు తప్పితే ఇద్దరూ డ్రెస్సింగ్ రూముకి పోతారు, ప్రత్యర్థికి బంతి ఆడే టైమే ఉండదు. మ్యాచ్ చివర్లో తప్పితే ఎలాగూ ఓడాల్సిందే. అంటే ఆ రికార్డు చరిత్రంతా తాకట్టు లేని అప్పుల చరిత్ర. ఎగ్గొట్టినా అడిగేవాడు లేడు.

దీనర్థం ఆ తన్నులు గొప్పవి కావని కాదు. డెంప్సీ సంగతే చూడండి. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

1970 నవంబర్ 8, టులేన్ స్టేడియం. ప్రత్యర్థి డెట్రాయిట్ లయన్స్, ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి వెళ్లిన మంచి జట్టు. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆ సీజన్ మొత్తమ్మీద గెలిచినవి రెండే రెండు. కోచ్ జె.డి. రాబర్ట్స్‌కి ఆ కుర్చీలో అది మొదటి మ్యాచ్. కొద్ది సెకన్లుందనగా లయన్స్ తక్కువ దూరం నుంచి ఫీల్డ్ గోల్ కొట్టి 17-16తో ముందుకెళ్లారు. సెయింట్స్ కిక్‌ఆఫ్ (పాయింట్లు పడ్డాక అవతలి జట్టుకి తన్నిచ్చే బంతి) అందుకుని, ఒక్క పాస్ వేసి, తమ సగంలోనే, తమ గోల్ గీత నుంచి లెక్కపెడితే 45 గజాల గీత దాకా వచ్చారు. రెండు సెకన్లు మిగిలాయి.

డెంప్సీకి పుట్టుకతోనే కుడికాలికి వేళ్లు లేవు. కుడిచేతికీ వేళ్లు లేవు. తన్నేది ఆ కుడికాలితోనే, ముందు భాగం గోడలా చదునుగా ఉన్న ప్రత్యేకమైన బూటు వేసుకుని. ఇప్పటి కిక్కర్లలా పక్కనుంచి వచ్చి పాదం మీది ఎముకతో తన్నడం కాదు, పాతకాలం పద్ధతిలో సూటిగా ఎదురొచ్చి ముందు భాగంతో పొడవడం. హోల్డర్ జో స్కార్పాటి బంతిని వాళ్ల 37 గజాల గీత దగ్గర నిలబెట్టాడు. ఆ రోజుల్లో గోల్ పోస్టులు గోల్ గీత మీదే ఉండేవి, అందుకే 63. ఇక్కడ ఒక చిన్న తమాషా. ఇప్పుడు పోస్టులు పది గజాలు వెనక ఉన్నాయి గనక, టక్కర్ 66 కొట్టినప్పుడు అతను నిలబడింది సొంత 44 గీత దగ్గర. బంతి ఎగిరిన దూరం టక్కర్‌దే ఎక్కువ. కానీ గడ్డి మీద చూస్తే డెంప్సీ అతనికంటే ఏడు గజాలు వెనక నిలబడి తన్నాడు. పెద్ద రికార్డుల్లో అంత వెనకనుంచి కొట్టినవాడు ఇంకొకడు లేడు.

బంతి కడ్డీ దాటింది. 19-17. ఇంకో విచిత్రం, 51 ఏళ్ల తర్వాత టక్కర్ కొట్టింది కూడా డెట్రాయిట్ మీదే, డెట్రాయిట్‌లోనే, స్కోరు అప్పుడూ 19-17. ఆ ఊరి అభిమానుల జాతకం ఎవరు రాశారో గానీ పాపం.

తర్వాత జరిగింది నాకు నచ్చని భాగం. ఆ బూటు వల్లే లాభం కలిగిందని గొడవ చేశారు. 1977లో లీగ్ ఒక నిబంధన తెచ్చింది: కృత్రిమ అవయవం ఉన్న ఆటగాడి బూటైనా సరే, తన్నే భాగం మామూలు బూటులాగే ఉండాలి. అప్పట్నుంచీ జనం దాన్ని టామ్ డెంప్సీ రూల్ అనే పిలుస్తున్నారు. నన్నడిగితే, వేళ్లు లేని పాదానికి తగిలే జాగా ఇంకా చిన్నది. అంగుళం అటూ ఇటూ అయితే బంతి ఎటో పోతుంది. చదును బూటు అంత గొప్ప ఆయుధమైతే వేళ్లున్నవాళ్లు కూడా అలాంటిదే కుట్టించుకుని 63 కొట్టుండాల్సింది. డెంప్సీ 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో పోయాడు. అప్పటికి అతని 63 దాటినవాడు ప్రేటర్ ఒక్కడే, అదీ 43 ఏళ్ల తర్వాత.

మరి 1970 నుంచి 2013 దాకా ఎందుకంత కాలం పట్టింది? కాళ్లలో బలం తగ్గిందా? తగ్గలేదు సరికదా పెరిగింది. పెరగడానికి కారకుల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు పీట్ గోగొలాక్. 1956 తిరుగుబాటు తర్వాత హంగెరీ వదిలి పారిపోయి వచ్చిన కుటుంబం వాళ్లది. సాకర్ ఆడిన కుర్రాడు గనక సాకర్ బంతిని తన్నినట్టే పక్కనుంచి వచ్చి తన్నాడు. 1964లో బఫెలో బిల్స్‌లో చేరాడు. 1966లో న్యూయార్క్ జెయింట్స్ అతన్ని ఎగరేసుకుపోయారు. అప్పట్లో రెండు లీగులు పోటీపడుతుండేవి, ఒకరి ఆటగాళ్ల జోలికి ఇంకొకరు పోకూడదన్న పెద్దమనుషుల ఒప్పందం ఉండేది. గోగొలాక్‌తో అది తెగి, ఆటగాళ్ల కోసం ఎగబడి వేలం పాడుకోవడం మొదలై, ఆ ఖర్చు భరించలేక అదే ఏడాది రెండు లీగులూ విలీనానికి ఒప్పుకున్నాయి. మ్యాచ్‌లో ఐదారు నిమిషాలు కూడా కనపడని కిక్కర్ వల్ల ఇంత పని జరిగింది. తర్వాత నార్వే నుంచి స్కీ జంపింగ్ స్కాలర్‌షిప్ మీద మోంటానాకి వచ్చిన యాన్ స్టెనెరూడ్ లాంటివాళ్లు దిగారు. డెంప్సీ తన్నుకి పది నెలల ముందు అదే టులేన్ స్టేడియంలో, సూపర్ బౌల్‌లో స్టెనెరూడ్ 48 గజాలు కొట్టాడు. డెంప్సీది పాత పద్ధతి ఆఖరి పెద్ద కేక. 1986లో మార్క్ మోజ్లీతో సూటిగా పొడిచేవాళ్ల కథ ముగిసింది.

కాళ్లు బలపడుతున్నాయి. లీగ్ ఏం చేసింది? తప్పు ధర పెంచింది. నాన్న భాషలో చెప్పాలంటే వడ్డీ పెంచింది.

1974కి ముందు లెక్క వేరు. ఎంత దూరాన్నించి తన్నినా, తప్పిన బంతి ఎండ్ జోన్‌లో, అంటే గోల్ గీత వెనకున్న పది గజాల జాగాలో, పడితే ప్రత్యర్థికి బంతి వాళ్ల 20 గజాల గీత దగ్గర ఇచ్చేవాళ్లు. అంటే 55 గజాల దూరాన్నించి తన్ని గురి తప్పితే అదొక మంచి పంట్‌తో సమానం. తగిలితే 3 పాయింట్లు, తప్పితే ఎలాగూ తన్నాల్సిన పంటే. ఇంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? తన్నేవాళ్లు తన్నారు. బంతిని గోల్ గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చుకునే టచ్‌డౌన్లు తగ్గి ఫీల్డ్ గోల్స్ ఎక్కువైపోతున్నాయని లీగ్‌కి బెంగపట్టుకుంది. 1974లో గోల్ పోస్టుల్ని పది గజాలు వెనక్కి, ఎండ్ జోన్ చివరికి జరిపారు. జనం గుర్తుపెట్టుకునేది దీన్నే. నా లెక్కలో అసలు దెబ్బ దాని పక్కనే వచ్చిన ఇంకో నిబంధన: 20 గజాల గీతకి అవతల్నుంచి తన్ని తప్పితే, ఆట మొదలైన గీత దగ్గరే ప్రత్యర్థికి బంతి. 1994లో దాన్ని ఇంకా బిగించారు. గీత దగ్గర కూడా కాదు, బంతిని తన్నిన చోటే.

దీని బరువు అంకెల్లో చూడండి. ఈరోజు 65 గజాల తన్ను తప్పితే ప్రత్యర్థికి బంతి మన 45 గజాల గీత దగ్గర దొరుకుతుంది. వాళ్లింకో పది గజాలు వస్తే చాలు, వాళ్ల కిక్కర్‌కి 52-53 గజాల తన్ను సిద్ధం. ఈ కాలం కిక్కర్లకి అది పెద్ద పని కాదు. 2024 సీజన్‌లో 50 గజాలు దాటిన ప్రయత్నాల్లో దాదాపు పదింట ఏడు తగిలాయి. అంటే మన తప్పు వాళ్లకి మూడు పాయింట్లు చేతిలో పెట్టినంత పని. ఇంత వడ్డీ ఉంటే ఏ కోచ్ సంతకం పెడతాడు? గడియారం ఖాళీ అయితే తప్ప పెట్టలేదు. అందుకే ఆ జాబితా మొత్తం సగం చివర్లూ ఆట చివర్లూ.

గడియారం ఖాళీ అయితే మాత్రం ఎంతకైనా తెగిస్తారు. 2008లో ఓక్లాండ్ వాళ్లు శాన్ డియేగో మీద మొదటి సగం ముగుస్తుంటే జానికౌస్కీని 76 గజాలకి పంపారు. ఆ బంతి దరిదాపులకి కూడా పోలేదు. అందరూ నవ్వుకుని టీ తాగడానికి పోయారు.

అలాగని ఉచితం అనుకున్నది ప్రతిసారీ ఉచితమూ కాదు. టక్కర్ 66 కొట్టిన 2021 సెప్టెంబర్ 26నే, ఇంకో ఊళ్లో అరిజోనా వాళ్లు మొదటి సగం చివర్లో ప్రేటర్ చేత 68 గజాలు తన్నించారు. అదే, 64 కొట్టిన ప్రేటర్. బంతి కడ్డీకి ఇవతలే దిగింది. అక్కడ, ఎండ్ జోన్ ఆఖరి అంచున, జాక్సన్‌విల్ ఆటగాడు జమాల్ ఆగ్న్యూ నిలబడి ఉన్నాడు. పట్టుకుని పరిగెత్తాడు. ఫీల్డ్ గోల్ కోసం మైదానంలో ఉండేది అడ్డుగోడలా నిలబడే భారీ మనుషులు. పరిగెత్తి పట్టుకోగలిగినవాళ్లు వాళ్లలో ఎవరున్నారు? వాళ్లు ఆయాసపడుతూ వెనక్కి తిరిగేసరికి అతను సగం దూరం దాటేశాడు. 109 గజాలు, టచ్‌డౌన్. నాన్నకి ఈ వీడియో చూపిస్తే రెండుసార్లు వేయించుకున్నాడు. "పూచీకత్తు లేదనుకుని సంతకం పెడితే ఇల్లే పోయింది," అన్నాడు.

ఇప్పుడు ఇంకో వాదన. 2025 సీజన్‌లో దూరపు తన్నులు విపరీతంగా పెరిగాయి. బంతుల మీద నిబంధన సడలించారని దానికి కారణం చెబుతున్నారు. ఒకప్పుడు కిక్కర్లు తమ బంతుల్ని నానా రకాలుగా మెత్తబరుచుకునేవాళ్లు, బట్టలారబెట్టే డ్రయ్యర్లో వేసేవాళ్లు కూడా. అది అరికట్టడానికి 1999 నుంచి తన్నడానికి వేరే బంతులు పెట్టారు, కె-బాల్స్. అవి గట్టిగా, జారుడుగా ఉంటాయి. వాటిని రుద్ది సాపు చేసుకోవడానికి మ్యాచ్ రోజున కాస్త సమయమే ఇచ్చేవాళ్లు. 2025 నుంచి ముందే తీసుకుని తీరిగ్గా సాపు చేసుకోవచ్చన్నారు. ఫిలడెల్ఫియా డిఫెన్స్ కోచ్ విక్ ఫాంజియో అయితే ఈ రికార్డుల పక్కన, ఇవి మిగతావాటితో సమానం కాదని చెప్పే చుక్క పెట్టాలన్నంత పని చేశాడు. పైగా కిక్‌ఆఫ్ బంతి నేరుగా ఎండ్ జోన్‌లో పడి ఆగితే ఆ ఏడాది నుంచి 35 గజాల గీత దగ్గర ఆట మొదలు. నాలుగడుగులేస్తే కిక్కర్ అందుబాటులోకి వచ్చేస్తాడు. అందుకని ఇంకో వర్గం పోస్టుల మధ్య సందు తగ్గించమంటోంది.

ఈ చుక్కల బేరం నాకు ఎక్కదు. పెట్టదలుచుకుంటే ఎక్కడని పెడతారు? డెంప్సీ పక్కన బూటుకో చుక్క, గోల్ గీత మీది పోస్టుకో చుక్క. ఈలమ్, జానికౌస్కీ, ప్రేటర్ ముగ్గురూ కొట్టింది సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున్న డెన్వర్‌లో, గాలి పలచన, బంతి తేలిపోతుంది, అక్కడో మూడు చుక్కలు. టక్కర్‌ది పైకప్పున్న స్టేడియం, వానా గాలీ లేవు, ఇంకో చుక్క. ఆఖరికి ఏకర్స్, గానో మిగులుతారు, ఏకర్స్‌ది కడ్డీకి తగిలింది గదా అంటారు. సందు తగ్గించడం ఇంకా అన్యాయం. యాభై ఏళ్లు వడ్డీ పెంచుతూ పోయారు, కట్టగలిగినవాళ్లు తయారయ్యారు, ఇప్పుడు వాళ్లు కట్టేస్తున్నారని బ్యాంకు తలుపు చిన్నది చేస్తామంటే ఎలా?

రికార్డు పుస్తకంలో మార్చాల్సింది ఒకటుంది. దూరం పక్కన ఇంకో గడి గియ్యాలి: తన్నేటప్పుడు గడియారంలో ఎంత మిగిలుంది?

ఆ గడి ఉంటే వరస మొత్తం తారుమారవుతుంది. నా మటుక్కి నాకు పైకొచ్చేది ఆబ్రీయే, కానీ నాన్న చూసిన 64 కాదు. అంతకు ఏడాది ముందు, 2024 సెప్టెంబర్ 22న బాల్టిమోర్ మీద కొట్టిన 65. అది మొదటి క్వార్టర్. ముప్పావు ఆట ఇంకా బాకీ ఉంది. తప్పితే బంతి డల్లాస్ 45 దగ్గర బాల్టిమోర్ చేతికి. పంట్ చేసే దారి ఉంది, అందరూ పంట్ చేసే చోటు అది. అయినా కోచ్ తన్నమన్నాడు. తగిలింది. మ్యాచ్ డల్లాస్ 28-25తో ఓడిపోయింది గనక మర్నాడు ఆ తన్ను గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నేను కూడా వంటింట్లో పెసరట్టు తిరగేస్తున్నాను, రీప్లేలో చూశాను.

గత్యంతరం ఉండగా పెట్టిన సంతకం అది. 1953 నుంచి జరుగుతున్న కథలో మలుపంటే నాకు అదే, టక్కర్ 66 కూడా కాదు. అరవై గజాల తన్ను అప్పటిదాకా లాటరీ టికెట్. ఆ రోజు అది మామూలు లావాదేవీ అయింది. మిగతా జట్లూ అదే దారిలో వస్తున్నాయి. నాలుగో అవకాశంలో బంతి ప్రత్యర్థి 47 దగ్గరుంటే ఒకప్పుడు పంటర్ తనంతట తనే నడిచొచ్చేవాడు. ఇప్పుడు కోచ్ ముందు కిక్కర్ మొహం చూస్తున్నాడు.

ఆబ్రీ గురించి మా ఊళ్లో తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక ముచ్చట. అతను కాలేజీలో సాకర్ ఆడాడు, 2017లో టొరంటో ఎఫ్‌సీ మొదటి రౌండ్‌లోనే ఎంచుకుంది, అక్కడ ముందుకెళ్లలేక బయటికొచ్చి సాఫ్ట్‌వేర్ ఇంజనీరయ్యాడు. 2019లో ఇంట్లో టీవీలో ఎవరో కిక్కర్ తన్నడం చూస్తుంటే, ఆ పని నువ్వూ చెయ్యగలవని భార్య అంది. ఉద్యోగం చేసుకుంటూనే తన్నడం నేర్చుకున్నాడు. చిన్న లీగులో రెండేళ్లు ఆడి, 2023లో డల్లాస్‌లోకొచ్చాడు. తొలి మ్యాచ్‌లో మొట్టమొదటి ఎక్స్‌ట్రా పాయింట్, అంటే టచ్‌డౌన్ తర్వాత ఒక్క పాయింట్ కోసం తన్నేది, తప్పాడు. ఆ తర్వాత వరసగా 35 ఫీల్డ్ గోల్స్ తప్పకుండా కొట్టాడు, కెరీర్ మొదట్లో అలా ఎవరూ కొట్టలేదు. ఈ కథ మా ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర చెబితే, హెచ్‌1బి రెన్యువల్ కోసం ఎదురుచూస్తున్న మా మిత్రుడొకడు మాత్రం "వాడికి గ్రీన్‌కార్డ్ అక్కర్లేదు గదా బాస్, ఉద్యోగం పోతే ఏమవుద్దన్న బెంగ లేదు" అన్నాడు. ఈ ప్రశ్న నాన్న ఒక్కడిదే కాదన్నమాట.

నవంబర్ 2న రికార్డు మళ్లీ కదిలింది. లాస్ వేగాస్‌లో జాక్సన్‌విల్ కిక్కర్ క్యామ్ లిటిల్ 68 గజాలు కొట్టాడు. మావాడు ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "తాతయ్యా, సిక్స్టీ ఎయిట్! వరల్డ్‌లో ఎవ్వరూ కొట్టలేదు!"

నాన్న కళ్లజోడు పెట్టుకుని వీడియో చూశాడు. బంతి చాలాసేపు గాల్లోనే ఉంది.

"గడియారంలో ఎంతుంది?"

మావాడు నాకేసి చూశాడు. నేను నోరు మెదపలేదు.

"హాఫ్ అయిపోతోంది తాతయ్యా. అదే లాస్ట్ ప్లే."

"ఊఁ," అన్నాడు నాన్న. కాసేపాగి, "అయినా అరవై ఎనిమిదంటే ఎంతుంటుందో చూద్దాం పద," అని చెప్పులేసుకున్నాడు.

ముగ్గురం వీధిలోకొచ్చాం. పొలం గట్ల మీద కొలిచిన అడుగు ఆయనది, గజానికి ఒకటి లెక్కన సాగదీసి వేస్తాడు. మా గ్యారేజీ తలుపు దగ్గర మొదలుపెట్టి, పక్కిళ్ల పోస్టుబాక్సులు దాటుకుంటూ, పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్లి ఫైర్ హైడ్రెంట్ పక్కన ఆగాడు. అరవై ఎనిమిది. ముగ్గురం వెనక్కి తిరిగాం. గ్యారేజీ తలుపు అగ్గిపెట్టెంతుంది. దాని ముందు అమ్మ నిలబడి ఏదో అంటోంది, ఏమంటోందో వినపడలేదు.

"ఆ మొదట్లోనే తన్నాడన్నావే, వాడు ఈ ఊళ్లోనేనా ఉండేది?"

"ప్రాక్టీస్ ఇక్కడేగా నాన్నా, మనింటికి పది నిమిషాలు."

సమాధానం చెప్పకుండా నాన్న ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. దార్లో మళ్లీ లెక్కపెడుతూ వచ్చాడు. గ్యారేజీ దగ్గరికొచ్చేసరికి డెబ్బై ఒకటి వచ్చింది. "ఎక్కడో తేడా కొట్టిందిరా," అని మావాణ్ణి చెయ్యి పట్టుకుని మళ్లీ హైడ్రెంట్ వైపు తీసుకెళ్లాడు.